పెద్దక్క వెనకాల సుడిగాలి

సీట్ల మాస్టర్‌కు పుస్తకాల మీద కోపమేమీ లేదు. పుస్తకం తెరిస్తే రెండో పేజీకల్లా నిద్ర ముంచుకొచ్చేది, అంతే. బళ్లో అతను గడ్డం ఆనించి పడుకున్న చోట బల్లకు రంగు పోయిందని అతని పెద్దక్క ఇప్పటికీ చెబుతుంది. చేతిలో పని ఉంటే మాత్రం మనిషి చురుగ్గా ఉంటాడు. చేతులు ఖాళీ అయితే కళ్లు మూతపడతాయి.

బళ్ల సీట్లు కుట్టడం అతని పని. ఇరవై నాలుగేళ్లుగా కార్ల సీట్లు, బస్సుల సీట్లు, ఒకసారి పళ్ల డాక్టరుగారి కుర్చీ కూడా అతని మిషను కిందకి వచ్చి కొత్త తొడుగు వేసుకుని వెళ్లాయి. కుట్టిన సీటును వెంటనే ఇచ్చే అలవాటు లేదు. దాని మీద తనే పది నిమిషాలు కూర్చుని, నడుము ఎక్కడ పడుతుందో, తొడ ఎక్కడ ఒత్తుకుంటుందో చూసుకుని అప్పుడు ఇస్తాడు. ఈ అలవాటే అతని కొంప ముంచింది.

ఊరవతల చిన్న విమానాలు నడపడం నేర్పే క్లబ్బు ఒకటుంది. వాళ్ల రెండు సీట్ల విమానంలో రెక్సిన్ పిగిలిపోయిందని ఆ సీట్లు ఊడదీసి తెచ్చి అతని దుకాణంలో పడేశారు. మాస్టర్ కుట్టాడు. అలవాటు ప్రకారం పైలట్ సీటులో కూర్చున్నాడు. పది నిమిషాలు కాస్తా గంటన్నరయింది. ఇద్దరు వచ్చి పిలిచి వెళ్లిపోయారు, ఫోను మోగి మోగి ఊరుకుంది. దారపు ఉండల మధ్య, జిగురు డబ్బాల పక్కన కూర్చునే మాస్టర్ ఎటో వెళ్లొచ్చాడు. మర్నాడు సీట్లు బిగించడానికి వెళ్తే, క్లబ్బులో నేర్పే ఇన్‌స్ట్రక్టర్ "ఒక రౌండు వేద్దాం రండి మాస్టారూ" అని పక్కన ఎక్కించుకున్నాడు. దిగేసరికి మాస్టర్ మొహం వెలిగిపోతోంది.

ఇంకొకడైతే ఇంటికొచ్చి "నేను విమానం నేర్చుకుంటున్నాను" అనేవాడు. మాస్టర్ ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, "నేర్చుకోనా?" అని అడిగాడు.

ఆ ఇంట్లో అడగాల్సినవాళ్లు ఇద్దరు. మేడ మీద పెద్దక్క. ఆసుపత్రిలో ముప్పై రెండేళ్లు హెడ్ నర్సుగా చేసి, పెద్ద పెద్ద డాక్టర్లనే మందలించి, ఇప్పుడు చేతికి డాక్టర్లు దొరక్క తమ్ముణ్ణి మందలిస్తున్న మనిషి. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే కాబట్టి ఆ హక్కును కాదనేవాడు లేడు. కింద భార్య. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ ఏదైనా రెండుసార్లు చెబుతుంది, మధ్యలో "మళ్లీ చెబుతున్నాను" అంటుంది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. తలుపులకు రంగు, కిటికీలకు తెరలు, చివరికి అతని దుకాణం బోర్డు మీద అక్షరాలు కూడా వీళ్లిద్దరూ తేల్చినవే. వీళ్లిద్దరికీ కుదరని రోజు తలుపు రంగు లేకుండా ఉండేది తప్ప, మాస్టర్‌ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అతనూ ఏమీ అనుకునేవాడు కాదు. సీట్ల దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు, మిగతా లోకమంతా వాళ్లిద్దరికీ వదిలేశాడు.

"వద్దు, పడతావు" అంది పెద్దక్క.

"పడితే చూసుకుందాం గానీ వదినా, ఇప్పుడు కాదంటే జీవితమంతా మొహం వేలాడేసుకుని తిరుగుతారు. ఆ మొహం చూడాల్సింది నేను" అంది భార్య.

తొమ్మిది రోజులు తర్జనభర్జన పడి, పదో రోజు సరేనన్నారు.

ఆదివారాలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని మాస్టర్ బాగానే నేర్చుకున్నాడు. సూది పట్టిన చెయ్యి కదా, ఎంత తిప్పాలో అంతే తిప్పేది. ఇన్‌స్ట్రక్టర్‌కు అతని మీద ఒకటే ఫిర్యాదు. పైకెళ్లాక "ఏం చేద్దాం మాస్టారూ, దిగుదామా, ఇంకో చుట్టు కొడదామా?" అని అడిగితే, "మీరెలా అంటే అలా సార్" అనేవాడు. "నేను పక్కన లేని రోజున ఎవరినడుగుతారు?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

ఆ పక్కన లేని రోజు రావాలంటే ముందు రాతపరీక్ష గట్టెక్కాలి. వంద ప్రశ్నలు, డెబ్బై రావాలి. మూడుసార్లు తప్పితే క్లబ్బులో పేరు కొట్టేస్తారు, వెనక వరసలో ఉన్నవాళ్లకు ఆ చోటు ఇచ్చేస్తారు. పుస్తకం తనవల్ల కాదని మాస్టర్‌కు తెలుసు. అందుకని క్లబ్బువాళ్లు అమ్మే వినే పాఠాలు తెచ్చుకుని, చెవిలో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాడు. ఆ పాఠాలు చెప్పినాయన ఎవరో గానీ, నిద్రపుచ్చడంలో ఆరితేరినవాడు. నాలుగో పాఠంలో మాస్టర్ తన చొక్కా చేతిని బస్సు సీటుకు కలిపి కుట్టేసుకున్నాడు. బస్సు యజమాని వచ్చి కత్తిరించాడు. పరీక్షలో యాభై రెండు వచ్చాయి.

"ఆ గొంతు వింటే నాకే ఆవలింతలొస్తున్నాయి. నేను చదివి పెడతా ఆగండి" అంది భార్య. బస్సుకూ బస్సుకూ మధ్య దొరికే ఖాళీలో, మైకు గదిలో తలుపేసుకుని, పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తన ఫోనులో చదివి రికార్డు చేసింది. స్పష్టమైన గొంతు, ఒక్కో మాటా ముత్యంలా ఉంది. కానీ పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ గొంతును ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేయడం మాస్టర్‌కు బాగా అలవాటైపోయింది. రెండో పరీక్షలో అరవై ఒకటి.

ఆ సాయంత్రం ఆవిడ అతన్ని నిలబెట్టి, "ద్రవ్యరాశి కేంద్రం గురించి ఏం చెప్పాను?" అని అడిగింది. తెల్లమొహం వేశాడు. "మీ చిన్నబావ మన పెళ్లిలో ఏం గొడవ చేశాడు?" అని అడిగింది. చిన్నక్క మొగుడైన ఆ చిన్నబావ, తనకు ముందు వరసలో కుర్చీ వేయలేదని అలిగిన దగ్గర్నుంచి, ఏ రంగు చొక్కా వేసుకున్నాడో, ఎవరు వెళ్లి బతిమాలారో, మూడో బతిమాలుడికి ఎలా దిగొచ్చాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు మాస్టర్.

ఆవిడ ఒక్క నిమిషం అతన్ని అలా చూసింది. ఆ తర్వాత ఆవిడ మొహం మీదకు వచ్చిన నవ్వు మంచి నవ్వు కాదు.

మర్నాటి నుంచి కొత్త పాఠాలు మొదలయ్యాయి.

"నాలుగో పాఠం. స్టాల్. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదు. మళ్లీ చెబుతున్నాను, ఇంజను ఆగిపోవడం కాదు. ముక్కు మరీ పైకెత్తితే రెక్కల మీద గాలి నిలవదు, విమానం జారిపోతుంది. మన పెళ్లిలో మీ చిన్నబావను తలుచుకోండి. ముక్కు ఎంత పైకెత్తాడో అంత కిందకి జారాడు. బాగుపడే మార్గం ఒక్కటే, ముక్కు దించడం."

"ఏడో పాఠం. పొగమంచు. గాలి వేడీ, మంచు పట్టే వేడీ ఒకదానికొకటి దగ్గరయ్యాయంటే పొగమంచు వస్తుంది. మీ పెద్దక్కా, చిన్నక్కా దగ్గర దగ్గరగా జరిగి గొంతు తగ్గించారంటే, కాసేపట్లో ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కనబడదు. అప్పుడు బయల్దేరకూడదు."

"తొమ్మిదో పాఠం. ఎవరు ఎవరికి దారివ్వాలి. అందరికంటే ముందు బెలూన్. దానికి తిప్పుకునే దారి లేదు, గాలి ఎటు తోస్తే అటు. మీ మేనత్త. ఆ తర్వాత గ్లైడర్. దానికి ఇంజను లేదు. మీ చిన్నబావే, ఉద్యోగం మానేశాక. వీళ్లందరికీ తప్పుకుని దారివ్వాల్సింది ఇంజనున్న విమానం. అంటే మనం."

పన్నెండో పాఠం వింటూ మాస్టర్ సూది వదిలేసి కడుపు పట్టుకున్నాడు. "పెద్ద విమానం వెళ్లిపోయాక దాని వెనకాల కంటికి కనిపించని సుడిగాలులుంటాయి. మీ పెద్దక్క మన వంటింట్లోంచి వెళ్లాక గిన్నెల పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. ఆవిడ వెళ్లిన రెండు మూడు నిమిషాల దాకా ఆ దారిన వెళ్లకూడదు. వెళ్లక తప్పకపోతే ఆవిడ దారికి పైనుంచి వెళ్లాలి గానీ కిందనుంచి ఎప్పుడూ వెళ్లకూడదు. మళ్లీ చెబుతున్నాను, కిందనుంచి వెళ్లకూడదు."

అక్కడక్కడా పాఠం మధ్యలో ఏ బస్సో వచ్చి, "ఐదో ప్లాట్‌ఫారం" అంటూ ఆవిడ గొంతు మారేది. ఒకసారి మైకు కట్టేయడం మరిచిపోయి చిన్నబావ స్టాల్ అయిన వైనమంతా బస్టాండు మొత్తానికీ వినిపించింది. తర్వాత ఇద్దరు కండక్టర్లు వచ్చి, ఆయనకు ఇప్పుడెలా ఉందని అడిగారు.

ఏమైతేనేం, పాఠాలు బుర్రకెక్కాయి. ఇరవై ఒకటి పూర్తయ్యాయి. ఒక్కటే మిగిలింది, పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉంది. మాస్టర్‌కు భయం పోయి ఉషారొచ్చింది. సరిగ్గా అప్పుడే పెద్దక్క తన పాత కారు తెచ్చి దుకాణం ముందు నిలిపింది.

డ్రైవరు సీటు కుంగిపోయిందట. మాస్టర్ ఫోము మార్చి, కొత్త తొడుగు వేసి, బిగించి, "కూర్చుని చూడక్కయ్యా" అన్నాడు. ఆవిడ కూర్చుంది. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే బండి కదలాలి కదా, తాళం తిప్పింది. ఆ కారులో పాటల పెట్టె బిగించింది మాస్టరే. దానికి తన ఫోను జత చేసి సరిచూసింది కూడా అతనే. తాళం తిరగగానే ఆ పెట్టె పాత స్నేహం గుర్తుపెట్టుకుని అతని జేబులో ఫోనును పట్టుకుంది. నాలుగు తలుపుల్లోంచీ వీధి వీధంతా వినేట్టు మరదలి గొంతు మోగింది.

"మీ పెద్దక్క మన వంటింట్లోంచి వెళ్లాక గిన్నెల పరిస్థితి గుర్తు తెచ్చుకోండి..."

మాస్టర్ జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి దారపు ఉండ వచ్చింది. ఇంకో జేబులో పెట్టాడు. కొలత టేపు వచ్చింది. ఫోను దొరికేసరికి పాఠం "కిందనుంచి వెళ్లకూడదు" దాకా రెండోసారి వెళ్లిపోయింది.

పెద్దక్క అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. కిటికీలోంచి చెయ్యి చాపి, "ఇలా ఇయ్యి" అంది. ఇచ్చాడు.

"ఇలాంటివి ఎన్నున్నాయి?"

"ఇరవై ఒకటి."

"ఒక్కోటీ ఎంతసేపు?"

"పది నిమిషాలు. అక్కయ్యా, అది కేవలం పరీక్ష కోసం..."

కిటికీ అద్దం పైకి లేచింది.

మాస్టర్ భార్యకు కబురు పెట్టాడు. ఆవిడ పనయిపోగానే పరుగున వచ్చింది. ఇద్దరూ దుకాణం గుమ్మంలో నిలబడి, అద్దాల్లోంచి పెద్దక్క మొహం చూస్తూ ఏ పాఠం నడుస్తోందో కనిపెట్టే ప్రయత్నం చేశారు. ఒకసారి పెదవులు బిగిశాయి. "ఏడోది, పొగమంచు" అంది భార్య. ఒకసారి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అదేదో ఇద్దరికీ అంతుపట్టలేదు. గంటన్నర తర్వాత అద్దం నాలుగు వేళ్ల మేర దిగి ఒక చెయ్యి బయటికొచ్చింది. మాస్టర్ పరిగెత్తి ఆ చేతిలో టీ కప్పు పెట్టాడు. అద్దం లేచిపోయింది. పదిహేడో పాఠంలో కారు బ్యాటరీ ప్రాణం వదిలింది. అయినా ఆవిడ దిగలేదు, ఫోను చెవికి ఆనించుకుని మిగతావీ విని అప్పుడు దిగింది.

"అమ్మాయ్" అంది.

"వదినా" అంది భార్య, గొంతు ఎక్కడో లోతులోంచి తెచ్చుకుని.

"నా గురించి పదకొండు చోట్ల చెప్పావు."

"ఏదో గుర్తుండడానికని వదినా..."

"అందులో తొమ్మిది నిజమే."

భార్య నోరు జారింది. "మిగతా రెండూ?"

"మిగతా రెండూ చిన్నదాని గురించి, పొరపాటున నా మీద వేశావు. గిన్నెలు పగలగొట్టేది అది." పెద్దక్క ఫోను తిరిగిచ్చింది. "అదలా ఉంచు. మా వైపు వాళ్లందర్నీ ఆకాశంలో తిప్పావు. మీ పుట్టింటివాళ్లు ఒక్కళ్లూ లేరేం?"

"వాళ్లు నేల మీదే ఉంటారు వదినా."

పెద్దక్క మూతి ఒక పక్కకి వంగింది. నవ్వు అనడానికి మాస్టర్‌కు ధైర్యం చాలలేదు. "సరే, అందరూ ఉన్నారు. వీడేడీ?" అంది.

"ఎవరు?"

"వీడే, నా తమ్ముడు. మూడున్నర గంటలు విన్నాను. ఒక్క చోట కూడా లేడు."

"ఆయనకెందుకు వదినా చోటు? ఆయన వినేవారు కదా."

టీ కప్పు కడిగి పట్టుకుని నిలబడ్డ మాస్టర్, నిజమే కదా అన్నట్టు తలూపాడు. పెద్దక్క అతని వంక కాసేపు చూసింది. "ఇంకెన్ని పాఠాలున్నాయి?" అంది.

"ఒక్కటే. పైలట్ బాధ్యతలు."

"అది నేను చెబుతాను. మీ పుట్టింట్లో నీ తమ్ముడి గురించి నాకూ చెప్పాల్సినవి కొన్నున్నాయి" అంది పెద్దక్క.

"మైకు నాది" అంది భార్య.

అలా ఇరవై రెండో పాఠాన్ని ఇద్దరూ కలిసి చెప్పారు. మర్నాడు మైకు గదిలో చేరి తలుపు వేసుకున్నారు. సాయంత్రం ఫోను అతని చేతిలో పెడుతున్నప్పుడు ఇద్దరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి, ఒకరి వంక ఒకరు చూసుకోవడం లేదు. మాస్టర్ ఏమీ అడగకుండా, మర్నాడు పొద్దున దుకాణంలో ఒక కారు సీటుకు అంచు కుడుతూ విన్నాడు.

"ఇరవై రెండో పాఠం. బాధ్యతలు" అని భార్య గొంతు. "విమానంలో ఆఖరి మాట చెప్పే అధికారం..."

"ఆగు, అది నేను చెబుతా. ఒరేయ్, ఎక్కడైనా సరే ఒక్కళ్ల మాటే చెల్లాలి. ఇద్దరు చెబితే కొంప కొల్లేరవుతుంది. ఆసుపత్రిలో అంతే, ఇంట్లో అంతే."

"ఇంట్లో ఆ ఒక్కళ్లూ ఎవరు వదినా?"

ఆ తర్వాత ఇరవై నాలుగు నిమిషాల పాటు తలుపుల రంగు, కిటికీ తెరలు, వంటింట్లో ఫ్రిజ్ ఏ గోడకు ఉండాలి, దుకాణం బోర్డు మీద అక్షరాలు ఎవరి పుణ్యమా అని వంకరగా వచ్చాయి, భార్య తమ్ముడు అప్పుడెప్పుడో అరువడిగి పట్టుకెళ్లిన నిచ్చెన సంగతేమిటి, అన్నీ వచ్చాయి. మధ్యలో మూడు బస్సులు వచ్చి వెళ్లాయి. చివర్లో భార్య రొప్పుతూ, "ఆలస్యానికి చింతిస్తున్నాం" అంది. పాఠం అయిపోయింది.

ఆఖరి మాట చెప్పే అధికారం ఎవరిదో మాత్రం ఆ పాఠంలో ఎక్కడా లేదు. మాస్టర్ మళ్లీ విన్నాడు, మూడోసారీ విన్నాడు. వాళ్లను మళ్లీ చెప్పమని అడిగే ధైర్యం లేదు. అంచు కుట్టడం పూర్తయింది కాబట్టి పాఠమూ పూర్తయిందనుకున్నాడు.

పరీక్ష గదిలో పదిహేను కంప్యూటర్లు, పదిహేను మంది. కాపలాకి ఒకావిడ. మాస్టర్ చుట్టూ ఉన్నవాళ్లు నుదురు రుద్దుకుంటున్నారు, పెన్నులు కొరుకుతున్నారు. మూడో ప్రశ్న చూడగానే మాస్టర్ కిసుక్కున నవ్వాడు. కాపలా ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"ఇందులో నవ్వడానికేముందండీ?"

"మా అక్కయ్య వచ్చిందండీ."

"ఎక్కడ?" అని ఆవిడ తలుపు వైపు చూసింది.

"మూడో ప్రశ్నలో."

ఆవిడ అతని బల్ల కింద, చేతుల్లో, చెవుల్లో వెతికి, ఏమీ దొరక్క, తన కుర్చీని అతని పక్కకు లాక్కుని కూర్చుంది. మాస్టర్ పెదవులు బిగించి సాగిపోయాడు. మేనత్త పదకొండో ప్రశ్నలో గాలికి కొట్టుకొచ్చింది, అందరూ తప్పుకున్నారు. చిన్నబావ ఇరవై రెండులో ముక్కు ఎత్తాడు, ముప్పై ఐదులో దించాడు. అక్కలిద్దరూ నలభై మూడో ప్రశ్నలో గుసగుసలాడారు. ఒక్క దిక్సూచి ప్రశ్న దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. ఆ పాఠం విన్న రోజున జిగురు వాసనకు తల తిరిగి, ఉత్తరమేదో దక్షిణమేదో అప్పుడే తెలియలేదు.

ఎనభై ఎనిమిదో ప్రశ్న వచ్చింది. గాల్లో ఉన్న విమానం భద్రత విషయంలో ఆఖరి మాట ఎవరిది? విమానం యజమానిదా, నేల మీద కూర్చుని సూచనలిచ్చే కంట్రోలర్‌దా, పైలట్‌దా, నేర్పిన గురువుదా?

మిగతావాటికి ఆలోచించాడు గానీ దీనికి రెప్ప కూడా వేయలేదు. నేల మీద కూర్చుని, మైకులో మాట్లాడుతూ, వెళ్లమంటే వెళ్లాలి, ఆగమంటే ఆగాలి అని చెప్పేవాళ్లదే కదా ఆఖరి మాట. ఇన్నేళ్లలో ఇంకోలా జరగ్గా చూడలేదు. కంట్రోలర్ అని నొక్కి ముందుకెళ్లాడు.

తొంభై ఎనిమిది వచ్చాయి.

ఆదివారం క్లబ్బుకు మాస్టర్ ఒక్కడే వెళ్లలేదు. పరీక్ష పాసయితే ఒంటరిగా ఎగరనిస్తానని ఇన్‌స్ట్రక్టర్ ముందే మాటిచ్చాడు కాబట్టి, భార్య సెలవు పెట్టింది, పెద్దక్క దూరం చూసే కళ్లజోడు పెట్టుకుని కారు తీసింది. క్లబ్బు గదిలో ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని, తప్పిన రెండు మార్కులూ ఎవరి పాఠాల్లోవో తేలాలన్నారు.

ఇన్‌స్ట్రక్టర్ మార్కుల కాగితం చూశాడు. "ఒకటి దిక్సూచి."

"నాదే" అని ఒప్పుకుంది భార్య.

"రెండోది..." అని ఆగిపోయాడు ఆయన. కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు. "పైలట్ అధికారం. ఇదేంటి మాస్టారూ, పదిహేనేళ్లుగా నేర్పుతున్నాను, ఈ ప్రశ్న తప్పినవాణ్ణి నేను చూడలేదు. ఇది మార్కులు ఊరికే ఇవ్వడానికి పెట్టే ప్రశ్న. ఏమని పెట్టారు?"

"కంట్రోలర్ అని సార్."

"ఎందుకు?"

మాస్టర్‌కు కారణం తెలుసు. చెప్పలేదు. కానీ చూపు దానంతట అదే పెద్దక్క మీదకీ, అక్కణ్ణుంచి భార్య మీదకీ వెళ్లొచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ ఆ చూపు వెంటే వెళ్లి ఇద్దర్నీ చూశాడు. భార్య చేతిసంచీ జిప్పు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఆవిడకు సిగ్గేసింది. ఇరవై రెండు పాఠాల్లో అందరికీ చోటిచ్చి, నడిపేవాడి చోటు ఖాళీగా వదిలేసింది తనే.

"మార్కులు చాలు, పాసయ్యారు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. "కానీ ఈ జవాబు సరిచేయనిదే మిమ్మల్ని ఒంటరిగా పంపలేను. చెప్పండి మాస్టారూ, ఆఖరి మాట ఎవరిది?"

మాస్టర్ నోరు తెరిచేలోపే, "మీదే" అంది భార్య. "నీదేరా" అంది పెద్దక్క. రెండూ ఒకేసారి వచ్చాయి.

"చూశారా, అది కూడా మీరే చెప్పేశారు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్, తల పట్టుకుని.

నలుగురూ బయటికి వచ్చారు. చిన్న విమానం ఎండలో తయారుగా ఉంది. దాని సీటు అంచు మీద మాస్టర్ వేసిన కుట్టు ఇక్కడికే కనిపిస్తోంది. ఇన్‌స్ట్రక్టర్ చేతులు వెనక్కి కట్టుకుని, "ఎగురుతారా?" అని అడిగాడు.

"ఎగురుతాడు" అంది పెద్దక్క.

"ఎందుకెగరరూ? సెలవు పెట్టుకుని మరీ వచ్చాను" అంది భార్య.

మాస్టర్ వాళ్ల వైపు చూడలేదు. రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం వైపు చూస్తున్నాడు. అది కిందటి నెల తనే కుట్టిచ్చింది. పాత గుడ్డ చిరిగిపోయిందంటే కాస్త మందపు గుడ్డ వేసి, అంచుకు రెండు వరసల కుట్టు వేశాడు. అది ఎంత బరువో అతని చేతులకు తెలుసు, ఎంత గాలి పెడితే ఎంత లేస్తుందో కూడా తెలుసు. ఆ గుడ్డ ఇప్పుడు రన్‌వేకు అడ్డంగా, కర్రలా నిలబడి ఉంది. ఆ విమానంలో ఒంటరిగా ఎక్కాలని అతనికి ఎంతో ఉంది.

"ఈ రోజు వద్దు సార్" అన్నాడు.

"ఏంట్రా వద్దు? ఇంతా చేసి..." అంది పెద్దక్క.

"కాస్త గాలేగా, మీరు మరీ..." అంది భార్య.

"అక్కయ్యా, వద్దన్నాను." భార్య వైపు తిరిగి, "అడ్డగాలి ఎక్కువగా ఉంది. నా వల్ల కాదు. ఎక్కను" అన్నాడు.

పెద్దగా ఏమీ అనలేదు. అయినా ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే అనుమానం వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లూ తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉంచారు. ఇన్‌స్ట్రక్టర్ జేబులోంచి మార్కుల కాగితం తీసి, మాస్టర్ వీపు మీద ఆనించి, రెండో తప్పును కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు.

"మీరు సరేనంటే నేనే ఆపేవాణ్ణి" అన్నాడు. "అడిగి చూశాను, అంతే."

తిరుగు ప్రయాణంలో పెద్దక్క కారు తాళం తిప్పగానే పాటల పెట్టె మళ్లీ మాస్టర్ ఫోనును పట్టుకుంది. "ఇంట్లో ఆ ఒక్కళ్లూ ఎవరు వదినా?" అని నాలుగు తలుపులూ అడిగాయి. మాస్టర్ చెయ్యి చాపి కట్టేశాడు. ఇల్లు చేరేదాకా దాన్ని పెట్టమని ఎవరూ అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం దుకాణంలో బస్సు సీటు కుడుతుండగా ఫోనుకు ఒక కొత్త పాఠం వచ్చింది. మాస్టర్ చెవిలో పెట్టుకుని మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

"ఇరవై మూడో పాఠం. ఆఖరి మాట. విమానంలో ఆఖరి మాట పైలట్‌ది. యజమానిది కాదు, నేర్పినవాళ్లది కాదు, నేల మీద మైకు పట్టుకున్నవాళ్లది అసలే కాదు. ఉదాహరణకి మా ఆయన్ని తీసుకోండి."

మిషను ఆగింది.

"మొన్న ఆదివారం ఇద్దరు ఆడవాళ్లు ఎక్కమంటే ఎక్కలేదు. నాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత గర్వమేసింది. వచ్చే ఆదివారం గాలి తగ్గితే ఆయన ఎక్కుతారు, తగ్గకపోతే ఎక్కరు. ఎక్కేదీ మానేదీ ఆయన్నే అడగాలి. మళ్లీ చెబుతున్నాను..."

ఎక్కడో దూరం నుంచి పెద్దక్క గొంతు వినబడింది. "చాల్లే అమ్మాయ్, ఒకసారి చెప్పావుగా. రెండోసారి అంటే వాడు నిజంగానే నమ్మేస్తాడు."

"ఆయన్నే అడగాలి" అంది భార్య.